శంషాబాద్ నుంచి ఢిల్లీ, వైజాగ్, దుబాయ్: విమాన దూరం, సమయం లెక్కగట్టే షీటు (పని డైరీ)

షీటులో రెండు విమానాశ్రయాల కోడ్‌లు కొడితే రెండు అంకెలు రావాలి: మధ్య దూరం, గేటు నుంచి గేటుకు పట్టే సమయం. సమయం టికెట్‌పై వేసినదానికి పది నిమిషాల తేడాలో ఉంటే చాలు. పికప్‌కి కారు ఎప్పుడు పంపాలో తేల్చుకోవడానికి అంతకన్నా సూక్ష్మం అక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో దొరికే లెక్కలు చాలావరకు ఒకే సూత్రం మీద నడుస్తాయి: సరళ దూరాన్ని గంటకు 500 మైళ్లతో, అంటే 805 కి.మీ.తో భాగించి అరగంట కలపడం. దాని ప్రకారం హైదరాబాద్–ఢిల్లీ 2 గంటల 4 నిమిషాలు. టికెట్‌పై రెండుంపావు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. వైజాగ్‌కి 1 గంట 8 నిమిషాలు వస్తుంది, టికెట్‌పై గంటుంపావు దాటుతుంది. తేడా ప్రతిసారీ ఒకవైపే ఉందంటే సూత్రంలోనే ఏదో లేదన్నమాట. అదేమిటో ముక్కలుగా విడదీసి వెతికిన పని ఇది.

దశ 1: అక్షాంశ రేఖాంశాలు

అన్నిటికన్నా సులభం అనిపించేది, ఎక్కువ చెత్త దొరికేది ఇక్కడే. రెండు జాబితాల నుంచి హైదరాబాద్ వరుస తీస్తే మధ్యలో 24 కి.మీ. తేడా. కారణం: 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాయి. మూడక్షరాల హెచ్‌వైడీ కోడ్ కూడా వాటితోపాటే శంషాబాద్‌కి వచ్చింది. పాత జాబితాల్లో అదే కోడ్ పక్కన బేగంపేట అంకెలు (17.45 ఉత్తరం) అలాగే ఉండిపోయాయి. శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. ఢిల్లీ ఉత్తరాన ఉంది కాబట్టి పాత అంకెతో దూరం దాదాపు ఆ 24 కి.మీ. మేరా తగ్గిపోతుంది.

రెండో చిక్కు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లది. విమానయాన ప్రచురణల్లో 17 డిగ్రీల 14 నిమిషాల 24 సెకన్లను చుక్కలేవీ లేకుండా వరసగా 171424 అని రాస్తారు. దాన్ని 17.1424 అని చదివితే విమానాశ్రయం 11 కి.మీ. దక్షిణానికి జరిగిపోతుంది. అసలు విలువ 17.24.

కాపీ చేసేవాళ్లకు క్రమం:

1. అవర్ ఎయిర్‌పోర్ట్స్ సైటు నుంచి విమానాశ్రయాల జాబితా ఫైలు దించుకోండి. అంకెలు దశాంశాల్లోనే ఉంటాయి, వాడుకోవడానికి అడ్డంకులు లేవు.
2. మూడక్షరాల కోడ్ లేని వరుసలు తీసేయండి. షీటు తేలికవుతుంది.
3. వాడబోయే ప్రతి విమానాశ్రయాన్నీ శాటిలైట్ మ్యాపులో ఒకసారి చూడండి. చుక్క రన్‌వే పరిసరాల్లో పడాలి, ఊరి మధ్యలో పడితే అంకె తప్పు.

వాడిన అంకెలు: ఢిల్లీ 28.5665, 77.1031, వైజాగ్ 17.7212, 83.2245, దుబాయ్ 25.2528, 55.3644, విజయవాడ 16.5304, 80.7968, శంషాబాద్ 17.2403, 78.4294.

దశ 2: దూరం సూత్రం

బడిలో నేర్చుకున్న పైథాగరస్‌తో, ఒక్క డిగ్రీని 111.2 కి.మీ.గా తీసుకుని, రేఖాంశాన్ని సగటు అక్షాంశపు కోసైన్‌తో గుణిస్తే ఢిల్లీకి 1,267 వచ్చింది. గోళం సూత్రంతోనూ 1,267. ఇక్కడితో ఆపేయాలనిపిస్తుంది. కానీ అదే సూత్రానికి చికాగో ఇచ్చి చూడండి. 16,300 కి.మీ. అంటుంది, గోళం మీద అసలు దూరం 13,283. శంషాబాద్ నుంచి చికాగోకి దగ్గరి దారి ఉత్తరానికి కాస్త పడమరగా, 348 డిగ్రీల దిశలో మొదలై 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. చదును మ్యాపు లెక్కకి ఆ దారి కనపడదు. దేశంలోపల మాత్రమే వాడేవాళ్లకు పైథాగరస్ చాలు. నేను గోళం సూత్రానికి, అంటే హావర్‌సైన్‌కి మారాను.

హావర్‌సైన్‌ని షీటులో వేసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త:

1. సైన్, కోసైన్ ఫంక్షన్లు డిగ్రీలు తీసుకోవు. ప్రతి అంకెనీ ముందు రేడియన్లలోకి మార్చాలి.
2. ఏటాన్2 ఫంక్షన్‌కి ఎక్సెల్‌లో ముందు ఎక్స్, తర్వాత వై ఇవ్వాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ముందు వై. ఒకదాంట్లో రాసిన సూత్రాన్ని రెండోదాంట్లో అలాగే అతికిస్తే అంకె వస్తుంది, ఎర్రర్ రాదు, అదే ప్రమాదం.
3. పొట్టిగా ఉందని ఆర్క్ కోసైన్ రూపం వాడితే, రెండు గడుల్లో ఒకే విమానాశ్రయం ఉన్నప్పుడు ఒక్కోసారి ఎర్రర్ కొడుతుంది. దశాంశాల చివర విలువ 1 కన్నా వెంట్రుకవాసి ఎక్కువైపోవడం వల్ల. హావర్‌సైన్‌కి ఈ బెడద లేదు.

మైళ్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. విమానాల వాళ్ల మైలు నాటికల్ మైలు, కచ్చితంగా 1,852 మీటర్లు. రోడ్డు మైలు 1,609 మీటర్లు. షీటులో కిలోమీటర్లు తప్ప ఇంకేమీ ఉంచలేదు.

ఇప్పటి లెక్క: ఢిల్లీ 1,267, వైజాగ్ 511, దుబాయ్ 2,546 కి.మీ.

దశ 3: భూమి గుండ్రంగా లేదు కదా

హావర్‌సైన్ భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న బంతిగా తీసుకుంటుంది. నిజానికి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంది. పైథాన్‌లో జియోపై లైబ్రరీతో దీర్ఘగోళం మీద లెక్కిస్తే ఢిల్లీ 1,262, వైజాగ్ 512, దుబాయ్ 2,549.

ఇందులో చూడాల్సింది తేడాల దిశ. ఉత్తర–దక్షిణ దారి అయిన ఢిల్లీకి 5 కి.మీ. తగ్గింది, తూర్పు–పడమర దారులకు కాస్త పెరిగింది. మన అక్షాంశాల్లో ఉత్తర–దక్షిణ దిశలో నేల వంపు సగటు కన్నా ఎక్కువ, అందుకే ఒక్కో డిగ్రీకి కిలోమీటర్లు తగ్గుతాయి. సమయంలోకి మారిస్తే ఈ 5 కి.మీ. అర నిమిషం కూడా కాదు. షీటులో హావర్‌సైన్ ఉంచేసినా కొంప మునగదు. ఎలాగూ పైథాన్ తెరిచాను కాబట్టి కచ్చితమైనదే పెట్టాను.

ఎత్తు సంగతి: 11 కి.మీ. పైన ఎగిరేది నేలమీది గీత కన్నా పొడవు కాదా? పొడవే, ఢిల్లీ మొత్తం దారికి 2 కి.మీ. వదిలేశాను.

దశ 4: ఫోన్‌తో అసలు దారి కొలవడం

గీత తేలింది. విమానం ఆ గీత మీద వెళ్లదు. ఎంత పక్కకి వెళ్తుందో తెలియాలంటే లోపల కూర్చుని కొలవాలి. పరికరాలు: ఫోన్, జీపీఎస్ లాగర్ యాప్ (దారి పొడవునా స్థానాలు రాసుకునేది), కిటికీ సీటు. జీపీఎస్ సిగ్నల్‌ని ఫోన్ అందుకుంటుంది తప్ప పంపదు, అందుకని ఫ్లయిట్ మోడ్‌లోనూ పనిచేస్తుంది. సిబ్బంది ఆపమంటే మాత్రం వాదన పెట్టుకోకుండా ఆపేయండి.

ఎక్కువ సమయం తిన్నది ఈ దశే.

మొదట వాడింది పరుగు కొలిచే యాప్. టేకాఫ్ దాకా బాగానే గీసింది, ఆ తర్వాత గీతే లేదు. మనిషి గంటకు 800 కి.మీ. వేగంతో పరిగెత్తడు కాబట్టి వచ్చిన పాయింట్లను తప్పులనుకుని అదే పారేస్తోంది. వేగాన్ని బట్టి వడపోత చేయని, ఉన్నది ఉన్నట్టు జీపీఎక్స్ (జీపీఎస్ పాయింట్లు దాచే రకం) ఫైలులో రాసే సాదా లాగర్ కావాలి.

తర్వాత సిగ్నల్ పట్టడం. ఇంటర్నెట్ లేకుండా, ఉపగ్రహాల తాజా సమాచారం లేకుండా ఫోన్ మొదటి స్థానం పట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. పైగా లోహపు గొట్టంలో కూర్చుని కిటికీలోంచి సగం ఆకాశమే చూస్తున్నాం. బస్సెక్కి విమానం దగ్గరకు వెళ్లేటప్పుడు ఆరుబయటే లాగర్ మొదలుపెట్టి, స్థానం దొరికాక ఫ్లయిట్ మోడ్‌లో పెడితే ఆ బాధ తప్పింది. ఏరోబ్రిడ్జి అయితే టెర్మినల్ అద్దాల పక్కనే మొదలుపెట్టాలి. మధ్య సీటులో ప్రయత్నం దండగ.

అన్నిటికన్నా విచిత్రమైన లోపం కూడికలో దొరికింది. సెకనుకో పాయింటు చొప్పున రాసి, పక్కపక్క పాయింట్ల మధ్య దూరాలు కూడితే మొత్తం అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చింది. ఫైలు తెరిచి మొదటి ఇరవై నిమిషాలు విడిగా చూస్తే అసలు సంగతి బయటపడింది. విమానం గేటు దగ్గర కదలకుండా ఉంది. లాగ్‌లో చుక్క మాత్రం సెకనుకి మీటరో, మీటరున్నరో అటూ ఇటూ గెంతుతూ దాదాపు రెండు కిలోమీటర్లు నడిచేసింది. మ్యాపులో పెద్దదిచేస్తే రెక్క పక్కన ఉన్ని ఉండలా చుట్టుకున్న గీత. జీపీఎస్‌కి కొద్దిపాటి వణుకు ఎప్పుడూ ఉంటుంది, నిలబడి ఉన్నప్పుడు అదంతా దూరం ఖాతాలో పడుతుంది.

మార్పులు:

1. పాయింట్ల మధ్య విరామం 5 సెకన్లు చేశాను. మలుపుల్లో మూల కోసుకుపోయేంత ఎక్కువ కాదు, బ్యాటరీ కూడా నిలుస్తుంది.
2. వేగం గంటకు 220 కి.మీ. దాటినప్పటి నుంచి మళ్లీ దానికన్నా తగ్గేదాకా మాత్రమే దూరం కూడాను. ఎయిర్‌బస్ 320 తరహా విమానం నేల విడిచేటప్పుడూ, తాకేటప్పుడూ వేగం సుమారు 250 నుంచి 280 మధ్య ఉంటుంది. రన్‌వే మీది కొసరు పోయినా పర్లేదు.
3. ఎత్తు గడిని పూర్తిగా పక్కన పెట్టాను. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తులో ఉంది. లాగ్ 540 ప్రాంతంలో చూపించింది. ఫోన్ చెడిపోలేదు. ముడి జీపీఎస్ ఎత్తు దీర్ఘగోళం నుంచి కొలిచినది. దక్షిణ భారతంలో సముద్రమట్టపు ఉపరితలం దానికన్నా కిందికి ఉంటుంది, హైదరాబాద్ దగ్గర ఆ తేడా 70–80 మీటర్లు.

దుబాయ్ లాగ్ జగిత్యాల నుంచి అక్కడికి వెళ్లొచ్చే మా బావ తెచ్చిచ్చాడు. "సీటుకు ఎక్స్‌ట్రా పైసలు కట్టిచ్చినవ్, నాలుగు గంటలు నిద్ర పోనియ్యలే. ఇంకోసారి అడగకు బామ్మర్దీ" అన్నాడు. ఫైలు మాత్రం ఎక్కడా తెగకుండా వచ్చింది.

ఇప్పటి లెక్క (గాల్లో ప్రయాణించిన దూరం): వైజాగ్ 560, ఢిల్లీ 1,345, దుబాయ్ 2,660 కి.మీ.

దశ 5: అదనపు కిలోమీటర్లు శాతంలో ఇమడవు

గీత కన్నా ఎంత ఎక్కువ? వైజాగ్‌కి 48, ఢిల్లీకి 83, దుబాయ్‌కి 111. శాతాల్లో 9.4, 6.6, 4.4. సరళ దూరానికి అయిదు శాతమో, ఏడు శాతమో కలిపేద్దామనుకుంటే దగ్గరి ఊళ్లకు తక్కువ, దూరపు ఊళ్లకు ఎక్కువ అవుతుంది.

లాగ్‌ను మ్యాపు మీద వేస్తే కారణం కళ్లకే కనిపిస్తుంది. మధ్యలో గీత దాదాపు సూటిగానే పోతుంది. వంకరంతా రెండు చివర్లలో. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి ఆ దిశకి ఎదురుగా టేకాఫ్, ఆ తర్వాత తిరిగి దారిలోకి రావడం. దిగేటప్పుడు వరుసలో నిలబెట్టడానికి కంట్రోలర్లు తిప్పే మలుపులు, రన్‌వేకి సూటిగా చేరడానికి దూరం నుంచి తీసుకునే ఆఖరి వరుస. ఈ ఖర్చు వైజాగ్ వెళ్లినా, దుబాయ్ వెళ్లినా ఒక్కటే. మధ్యలో నిర్ణీత వాయుమార్గాలు, సైనిక గగనతలం తప్పించుకోవడం వల్ల వచ్చే పెరుగుదల మాత్రం దూరంతోపాటు పెరుగుతుంది.

కాబట్టి: సరళ దూరంపై 3 శాతం, దానికి స్థిరంగా 40 కి.మీ. ఈ సూత్రం వైజాగ్‌కి 567, ఢిల్లీకి 1,340, దుబాయ్‌కి 2,665 ఇస్తుంది. కొలిచినదానికి 7 కి.మీ. లోపే. మూడు దారులకు సరిపోయిందని నాలుగో దారికి సరిపోవాలని లేదు, పని నడవడానికి చాలు.

దశ 6: సమయాన్ని ముక్కలు చేయడం

అరగంట కలపడం అనే పాత సూత్రం ఎక్కడ దెబ్బతింటుందో ఇక్కడ తేలింది. ఆ అరగంటలోనే ఎక్కడం, దిగడం, నేలమీద పాకడం అన్నీ ఇరికించారు. విడదీస్తే:

1. ఎక్కడం: 220 కి.మీ., 21 నిమిషాలు. పది వేల అడుగుల కింద వేగం 250 నాట్లు (గంటకు 250 నాటికల్ మైళ్లు) దాటకూడదు, అందుకే సగటు తక్కువ.
2. దిగడం, ఆఖరి మలుపులతో కలిపి: 250 కి.మీ., 28 నిమిషాలు. పైలట్ల మోటు లెక్క, దిగాల్సిన ప్రతి వెయ్యి అడుగులకు 3 నాటికల్ మైళ్లు. 35,000 అడుగులు దిగాలంటే 105 నాటికల్ మైళ్లు, అంటే 194 కి.మీ. మిగతాది వేగం తగ్గించడానికీ, వరుసలో నిలబడడానికీ.
3. మిగిలిన దూరం: గంటకు 830 కి.మీ. ఆ ఎత్తులో ధ్వని వేగంలో 0.78 వంతు ఇంతే అవుతుంది.
4. నేలమీద: బయల్దేరేచోట 15 నిమిషాలు, దిగేచోట 10. వైజాగ్ దారికి 12, 5 సరిపోయాయి. ఆ విమానాశ్రయం నేవీది కూడా, రన్‌వే నుంచి టెర్మినల్‌కి దూరం తక్కువ.

ఢిల్లీకి వేసి చూస్తే: మొత్తం 1,340లోంచి ఎక్కడం, దిగడం 470 తీసేస్తే 870 కి.మీ., 63 నిమిషాలు. గాల్లో 21+63+28 = 112. నేలమీద 25 కలిపితే 137 నిమిషాలు, 2 గంటల 17 నిమిషాలు. టికెట్‌తో కలిసింది. వైజాగ్: 21+7+28 = 56, నేలమీద 17, మొత్తం 73.

వైజాగ్ వరుసను గమనించండి. పూర్తి వేగంతో ఎగిరింది ఏడంటే ఏడు నిమిషాలు. ఆ దారిలో విమానం వేగాన్ని ఎంత పెంచి లెక్కేసినా సమయం పెద్దగా తగ్గదు.

ఇప్పటి లెక్క: ఢిల్లీ 2.17, వైజాగ్ 1.13 (గంటలు.నిమిషాలు, గేటు నుంచి గేటుకు).

దశ 7: విజయవాడకి మైనస్ నిమిషాలు

విజయవాడ సరళ దూరం 264 కి.మీ. సూత్రం ప్రకారం దారి 312. అందులోంచి 470 తీసేస్తే మైనస్ 158. షీటు నిక్షేపంగా మైనస్ 11 నిమిషాలు రాసి, దాన్ని మొత్తంలో కలిపి గంటకు కాస్త తక్కువని చూపించింది. ఫలితం నమ్మేలా ఉండడంతో మధ్య గడి తెరిచి చూసేదాకా ఎవరికీ అనుమానం రాదు.

అంత దగ్గరికి వెళ్లే జెట్ 35,000 అడుగులకు ఎక్కదు. ఎక్కీ ఎక్కకముందే దిగాలి. పైగా ఈ దారిలో ఏటీఆర్ 72 కూడా తిరుగుతుంది, ప్రొపెల్లర్ విమానం, వేగం గంటకు సుమారు 500. కాబట్టి విమానం రకం కోసం ఒక గడి పెట్టాల్సి వచ్చింది. ఏటీఆర్‌కి ఎక్కడం 85 కి.మీ., 15 నిమిషాలు. దిగడం 110 కి.మీ., 18 నిమిషాలు. మిగిలిన 117 కి.మీ.కి 14. గాల్లో 47, నేలమీద 14, మొత్తం 61. జెట్‌కి మాత్రం దారి 470 కన్నా తక్కువైతే ఎక్కే, దిగే దూరాలను ఒకే నిష్పత్తిలో కుదించే షరతు రాశాను. మధ్య గడి సున్నా కన్నా తగ్గితే ఎర్ర రంగు వచ్చేలా కూడా పెట్టాను. ఇది ఏ షీటులోనైనా ముందే పెట్టుకోవాల్సింది.

దశ 8: గాలి

దుబాయ్ గాలి లేకుండా: 2,665లోంచి 470 పోగా 2,195 కి.మీ., 159 నిమిషాలు. గాల్లో 208, నేలమీద 27 (ఈ దారికి రెండు నిమిషాలు ఎక్కువ వేశాను), మొత్తం 3.55. టికెట్లు వెళ్లేటప్పుడు నాలుగు గంటలు దాటి, వచ్చేటప్పుడు మూడున్నర, మూడు నలభై మధ్య చూపిస్తాయి. ఒకే అంకె రెండు దిక్కులా సరిపోదు.

శీతాకాలంలో ఉత్తర భారతం మీదుగా పడమటి జెట్ ప్రవాహం బలంగా వీస్తుంది. వానాకాలం వచ్చేసరికి అది హిమాలయాల అవతలికి జరుగుతుంది, దక్షిణ భారతం మీద చాలా ఎత్తులో తూర్పు గాలులు మొదలవుతాయి. అందుకని గాలికి ఒకే అంకె ఇవ్వకుండా నెల గడి పెట్టాను. శీతాకాలానికి పడమటి గాలి 60 కి.మీ. అని వేస్తే:

1. వెళ్లేటప్పుడు 770తో 171 నిమిషాలు, మొత్తం 4.07.
2. వచ్చేటప్పుడు 890తో 148 నిమిషాలు, మొత్తం 3.44.

ఎదురుగాలికి 12 నిమిషాలు పోయాయి, వెనకగాలికి 11 మాత్రమే కలిసొచ్చాయి. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి రానూపోనూ కలిపితే గాలి ఎప్పుడూ కాస్త నష్టమే.

ఢిల్లీ దారికి ఈ గాలి పక్కనుంచి కొడుతుంది. అడ్డగాలికి లెక్కలో ఏమీ రాదనుకుని మొదట సున్నా వేశాను, తర్వాత తీసేశాను. విమానం ముక్కుని గాలివైపు కాస్త తిప్పి నడపాలి, ఆ మేరకు ముందుకు పోయే వేగం తగ్గుతుంది. అడ్డగాలి 185 కి.మీ. ఉంటే 830 కాస్తా 809 అవుతుంది, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ. అంత గాలి దారి పొడవునా ఉండదు. ఉత్తరపు సగానికే వర్తింపజేశాను, నిమిషం కూడా మారలేదు.

దశ 9: గడియారం

భారత్, దుబాయ్ మధ్య గంటన్నర తేడా. లాగ్ ఫైలు మాత్రం రెంటికీ చెందని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది: మనకి అయిదున్నర గంటలు కలపాలి, దుబాయ్‌కి నాలుగు. టికెట్ సమయాలను నేరుగా తీసివేస్తే వెళ్లేది రెండున్నర గంటలు, వచ్చేది అయిదు గంటలు అన్నట్టు వస్తుంది. రెంటినీ యూటీసీకి మార్చాకే తీసివేయాలి.

గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటి తిరుగుతాయి. 23.30కి బయల్దేరి 1.40కి దిగితే ఎక్సెల్ ఆ గడిలో వరసగా పౌండ్ గుర్తులు (#) చూపిస్తుంది, మైనస్ సమయాన్ని రాయలేదు కాబట్టి. తీసివేతను మాడ్ ఫంక్షన్‌లో పెట్టి 1తో శేషం తీస్తే సరి. చికాగో లాంటి దారులకు ఇది చాలదు, తేదీ కూడా ఉండాలి.

ఇంకా మిగిలినవి

డిసెంబర్, జనవరి ఢిల్లీ ఉదయాలకు షీటు పనికిరాదు. పొగమంచులో గాల్లో చక్కర్లు, నేలమీద వరుస, ఇవేవీ సూత్రంలో లేవు. ఆ గడిలో అంకెకి బదులు "టికెట్ సమయం చూడు" అని వచ్చేలా చేశాను.

విమానయాన సంస్థలు టికెట్ సమయంలో కాస్త వెసులుబాటు కలుపుకుంటాయి. నిర్ణీత సమయం తర్వాత 15 నిమిషాల్లోపు వస్తే సమయానికి వచ్చినట్టే లెక్క. కాబట్టి షీటు టికెట్ కన్నా అయిదారు నిమిషాలు తక్కువ చూపిస్తే దాన్ని దిద్దకండి.

వైజాగ్‌కి కొత్త విమానాశ్రయమైన భోగాపురానికి షీటులో ఇంకో వరుస కావాలి. పై లెక్కల్లోని వైజాగ్ విమానాశ్రయం నుంచి ఈశాన్యంగా సుమారు 40 కి.మీ. గాల్లో మూడు నిమిషాలు పెరుగుతుంది, ఊళ్లోకి రోడ్డు ప్రయాణం షీటులో లేదు.